ఇసుక దిబ్బల్లో ఒక రాత్రి: పాలమూరు, నల్గొండ నుంచి జైసల్మేర్ వెళ్ళేవాళ్ళు ఏం చూసుకోవాలి, ఎలా చేయాలి

ముందే ఒక మాట. జైసల్మేర్‌లో డెజర్ట్ క్యాంప్ పేరుతో అమ్మేది వేరు, ఎడారిలో రాత్రి వేరు. మొదటిది డబ్బులు కడితే చాలు. బొట్టు పెట్టి లోపలికి పిలుస్తారు, చాయ్, పకోడీ ఇస్తారు, ఒంటె ఎక్కిస్తారు, డాన్సు చూపించి అన్నం పెట్టి పడుకోబెడతారు. రెండోది ఏ ప్యాకేజీలోనూ ఉండదు, దాన్ని మీరే ఏర్పాటు చేసుకోవాలి. మన దగ్గర్నుంచి రెండు రాత్రులు రైల్లో కూర్చుని అంత దూరం వెళ్ళి, మొదటిది మాత్రమే చూసి, సెల్ఫీలు దిగి, ఇంతేనా అనుకుంటూ తిరిగొచ్చేవాళ్ళు చాలామంది. అట్లా కాకుండా ఉండాలంటే ఇది చదవండి.

తేదీ ఎట్లా పెట్టుకోవాలి

మనం ట్రిప్ అనగానే సెలవులు చూసుకుంటాం. దీనికి మాత్రం ముందు గోడ మీది క్యాలెండర్‌లో అమావాస్య ఎప్పుడో చూడండి, ఆ తర్వాతే సెలవుల సంగతి. చుక్కలు చూడాలంటే అమావాస్యకు మూడు నాలుగు రోజులు అటూ ఇటూ ఉండాలి. వెన్నెల్లో దిబ్బలు చూడాలంటే పౌర్ణమి దగ్గర్లో వెళ్ళాలి, అదీ బాగానే ఉంటుంది, టార్చి లేకుండా నడవొచ్చు, పిల్లలు భయపడరు, కానీ చుక్కల్లో సగం కూడా కనపడవు. రెండూ కావాలనేవాళ్ళు శుద్ధ సప్తమి, అష్టమి చూసుకోండి. అర్ధరాత్రి దాకా వెన్నెల ఉంటుంది, చంద్రుడు దిగిపోయాక చుక్కలు బయటపడతాయి, మేలుకోగలిగితే.

సీజన్ అక్టోబర్ నుంచి మార్చి దాకా. వేసవిలో అక్కడ 45 డిగ్రీలు దాటుతుంది, మే నెలలో నల్గొండ ఎండ చాలదన్నట్టు ఇంకో ఎండ వెతుక్కుంటూ పోవడం ఎందుకు. దసరా సెలవుల మొదటి రోజుల్లో ఆకాశం చీకటిగానే ఉంటుంది, ఎంగిలిపూల బతుకమ్మ అమావాస్య నాడే కదా, కానీ బతుకమ్మ వదిలిపెట్టి ఇంట్లోవాళ్ళు ఎవరొస్తారు? పైగా అప్పటికి అక్కడ పగటి ఎండ తగ్గదు. దీపావళి కూడా అమావాస్యే, కాకపోతే గుజరాత్ వాళ్ళకు అప్పుడే పెద్ద సెలవులు, జైసల్మేర్ నిండిపోతుంది. డిసెంబర్ 25 నుంచి జనవరి మొదటి వారం దాకా అయితే అసలు వద్దు, రేట్లు ఎక్కడో ఉంటాయి, డీజేలు తెల్లార్లూ ఆగవు. సంక్రాంతి సెలవులకు చలీ ఎక్కువే, జనమూ ఎక్కువే. ఫిబ్రవరిలో మాఘ పౌర్ణమి దగ్గర్లో డెజర్ట్ ఫెస్టివల్ జరుగుతుంది, జాతర ఇష్టమైనవాళ్ళకు అది మంచిదే.

నన్నడిగితే కార్తీక మాసం ముగిసే అమావాస్య. పోలి స్వర్గానికి పోయే రోజుకు అటూ ఇటూ అన్నమాట. నవంబర్ రెండో సగమో, డిసెంబర్ మొదటి రెండు వారాలో అవుతుంది. ఎండ తగ్గి ఉంటుంది, చలి ఇంకా ఎముకల్లోకి దిగి ఉండదు, దీపావళి రద్దీ పోయి క్రిస్మస్ రద్దీ ఇంకా మొదలయ్యి ఉండదు. పిల్లల స్కూలు రెండు మూడు రోజులు పోతుంది, దానికి మీ ఇంట్లో మీరు ఒప్పించుకోవాలి.

వెళ్ళే దారి

ఇందులో పెద్దగా చెప్పడానికేం లేదు. మహబూబ్‌నగర్ వాళ్ళకు కాచిగూడ రైలు ఎట్లాగూ ఉంది, నల్గొండ వాళ్ళు సికింద్రాబాద్ దాకా వచ్చి మారాలి. కాచిగూడ నుంచి జోధ్‌పూర్ పక్కనున్న భగత్ కీ కోఠీకి నేరుగా రైలుంది, నిజామాబాద్, నాందేడ్, అకోలా మీదుగా పోతుంది, దాదాపు నలభై గంటలు పడుతుంది. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, తెరిచిన రోజే చేసుకోండి. జోధ్‌పూర్ నుంచి జైసల్మేర్ మూడు వందల కిలోమీటర్లకు కొంచెం తక్కువ, రాత్రి రైలో బస్సో ఎక్కితే తెల్లారేసరికి దిగుతారు. విమానంలో వెళ్ళేవాళ్ళకు జోధ్‌పూర్ దాకా పోయి అక్కడి నుంచి రోడ్డు పట్టుకోవడమే తేలిక. రైల్లోకి సకినాలు, పల్లి పట్టీలు కొంచెం ఎక్కువే పెట్టుకోండి, క్యాంపులో అర్ధరాత్రి కూడా అవే పనికొస్తాయి.

క్యాంపు బుక్ చేసేటప్పుడు అడగాల్సినవి

అసలు పని ఇక్కడే ఉంది, తొందరపడొద్దు. జైసల్మేర్ చుట్టూ దిబ్బలకు రెండు చోట్లు ముఖ్యం. ఒకటి సమ్, ఊరికి పడమరగా 40 కిలోమీటర్ల పైచిలుకు. రెండోది ఖూరీ, నైరుతి వైపు, దాదాపు 50 కిలోమీటర్లు. సమ్‌లో దిబ్బలు పెద్దవి, క్యాంపులు వరసగా ఉంటాయి, అన్ని సౌకర్యాలూ దొరుకుతాయి, సందడి కూడా ఆ లెక్కనే ఉంటుంది. ఖూరీ చిన్న ఊరు, దిబ్బలు అంత పెద్దవి కావు కానీ రాత్రి నిశ్శబ్దంగా ఉంటుంది. ముసలివాళ్ళు, చిన్నపిల్లలతో పెద్ద కుటుంబం వెళ్తుంటే సమ్‌లో రోడ్డుకు దూరంగా ఉన్న క్యాంపు చూడండి. ఇద్దరు ముగ్గురు స్నేహితులో, భార్యాభర్తలో అయితే ఖూరీకే నా ఓటు. ఖూరీలో కొందరు టెంటు లేకుండా ఒంటెల మీద దిబ్బల్లోకి తీసుకెళ్ళి, అక్కడే వండిపెట్టి, ఆరుబయట పరుపు వేసి పడుకోబెడతారు. చలికి తట్టుకోగలిగితే దాని ముందు ఏ టెంటూ నిలవదు, కాకపోతే అక్కడ బాత్రూం ఉండదు, అది ముందే ఆలోచించుకోండి.

ఫోన్ చేసినప్పుడు వెబ్‌సైట్‌లో ఫోటోలు చూశాం అని మొదలుపెట్టకండి. వాట్సాప్‌లో లొకేషన్ పెట్టమనండి. దాన్ని మ్యాపులో తెరిచి శాటిలైట్ బొమ్మలో చూడండి. ఇసుక దిబ్బల మడతలు టెంట్ల పక్కనే కనిపిస్తున్నాయా, లేక టెంట్లు రోడ్డు పక్క చదును నేలలో ఉండి దిబ్బలు రెండు మూడు కిలోమీటర్ల అవతల ఉన్నాయా, అర నిమిషంలో తెలిసిపోతుంది. చాలా క్యాంపులు రెండో రకం. సాయంత్రం జీపులో దిబ్బలకు తీసుకెళ్ళి, చీకటి పడగానే వెనక్కి తెచ్చేస్తారు, ఇక రాత్రంతా మీరుండేది ఎడారిలో కాదు, గుడ్డ గోడల లాడ్జిలో.

తర్వాత డీజే సంగతి. ‘మ్యూజిక్ కిత్‌నే బజే బంద్ హోతా హై’ అని నేరుగా అడగండి, పక్క క్యాంపు ఎంత దూరంలో ఉందో కూడా అడగండి, ఎందుకంటే మీ క్యాంపు పదింటికి ఆపినా పక్కవాడు ఆపకపోతే ఏం లాభం. హైదరాబాద్ హిందీ అక్కడ బాగానే నడుస్తుంది, వాళ్ళు నవ్వుతారు, నవ్వనీయండి.

ఒంటె సవారీ ఎంతసేపు, జీప్ సఫారీ రేటులో కలిసి ఉందా విడిగానా, బాత్రూం టెంటుకే ఉందా, వేడి నీళ్ళు ఎన్ని గంటలకు ఇస్తారు, మనిషికి ఎన్ని రజాయిలు ఇస్తారు, ఇవన్నీ అడిగి, ట్యాక్సుతో కలిపి తలకు ఎంతో మెసేజ్‌లో రాయించుకోండి. నోటిమాట మీద వదిలేస్తే అక్కడికి పోయాక ఒక్కోదానికి ఒక్కో రేటు బయటికొస్తుంది. మొత్తం డబ్బు ముందే పంపొద్దు, కొంత అడ్వాన్స్ చాలు. జైసల్మేర్ స్టేషన్లో దిగగానే ఆటోవాళ్ళు చుట్టుముట్టి, హోటల్ గది దాదాపు ఊరికే ఇస్తాం, క్యాంపు మాత్రం మా దగ్గరే తీసుకోండి అంటారు. క్యాంపు ముందే ఖాయమైందని ఒక్క మాట చెప్పి నడుచుకుంటూ పోండి. వాళ్ళ మీద కోపం అక్కర్లేదు, కమీషన్ వాళ్ళ బతుకుతెరువు.

సంచిలో ఏం పెట్టుకోవాలి

ఎడారి అంటే ఎండ అనే మనవాళ్ళ లెక్క. పగలు 25 డిగ్రీలు ఉండి హాయిగా అనిపించిన చోటే డిసెంబర్, జనవరి రాత్రుల్లో 5 డిగ్రీల దగ్గరికి దిగుతుంది, ఒక్కోసారి ఇంకా కిందికి. గాలిలో తేమ ఉండదు, మబ్బు ఉండదు, పొద్దంతా ఇసుక పట్టిన వేడి చీకటి పడగానే నేరుగా ఆకాశంలోకి పోతుంది, ఆపేదేమీ లేదు. పైన ఇంత వేడెక్కిన ఇసుకలో చెయ్యి కొంచెం లోతుకు పెట్టి చూడండి, చల్లగా ఉంటుంది. అంటే దాచుకున్న వేడి కూడా పైపైనే. అందుకే లోపల థర్మల్స్, మీద స్వెటర్, మంకీ క్యాప్, రెండు జతల సాక్సులు తప్పనిసరి. జాకెట్ గాలి ఆపేదై ఉండాలి, చలికన్నా గాలే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది.

ఇంట్లో గొంగడి ఉంటే తప్పకుండా తీసుకెళ్ళండి. సిగ్గుపడొద్దు. మన కురుమల గొంగడి ఈ పనికే పుట్టిందా అనిపిస్తుంది. కింద వేసుకుంటే ఇసుక చల్లదనం పైకి రాదు, కప్పుకుంటే గాలి లోపలికి రాదు, దులిపితే ఇసుక రాలిపోతుంది. ఫ్లీసు దుప్పట్లకు ఇసుక పట్టుకుంటే వారం దాకా వదలదు. బరువుంటుంది నిజమే, రైల్లో తలకింద పెట్టుకోండి.

మిగతావి త్వరగా చెప్తా. ఫోన్‌కు, కెమెరాకు జిప్ కవర్లు. పవర్ బ్యాంక్. టార్చి, వీలైతే దానికి ఎర్ర రంగు కవరు చుట్టండి, కళ్ళు చీకటికి అలవాటు పడ్డాక తెల్ల వెలుతురు పడితే మళ్ళీ పది ఇరవై నిమిషాలు చుక్కలు సరిగా కనపడవు. ముక్కుకు, మూతికి కట్టుకోవడానికి పెద్ద రుమాలు. వాజెలిన్, పెదాలు పగులుతాయి. జాలీ బూట్లు వద్దు, ఇసుకంతా లోపలే ఉంటుంది. తాగడానికి సీల్ ఉన్న నీళ్ళు మనిషికి మూడు లీటర్లు. ఫ్లోరైడ్ గురించి నల్గొండ వాళ్ళకు నేను చెప్పాలా, పశ్చిమ రాజస్థాన్ భూగర్భ జలాల్లో కూడా చాలాచోట్ల ఫ్లోరైడ్, ఉప్పు రెండూ ఎక్కువే. క్యాంపుల్లో వాడే నీళ్ళు చాలావరకు ట్యాంకర్ మీదే వస్తాయి, కాబట్టి బకెట్‌తో స్నానం కానిచ్చేయండి, షవర్ తిప్పి వదిలేయొద్దు. కరువు చూసిన జిల్లాల వాళ్ళం, ఆ మాత్రం మనకు తెలుసు.

ఆ రోజు సాయంత్రం

పొద్దున జైసల్మేర్‌లో కోట చూసుకోండి. 1156లో రావల్ జైసల్ కట్టించిన కోట, లోపల ఇప్పటికీ జనం కాపురం ఉంటారు. మధ్యాహ్నం తిని రెండింటికల్లా బయల్దేరండి. సమ్ దారిలో పాలీవాల్ బ్రాహ్మణులు ఖాళీ చేసి వెళ్ళిపోయిన కుల్‌ధరా ఊరు వస్తుంది, అరగంట ఆగితే చాలు. దయ్యాల కథలు చెప్తారు, పగటిపూట అవేం పనిచేయవు. క్యాంపుకు నాలుగులోపు చేరాలి. డిసెంబర్‌లో అక్కడ సూర్యాస్తమయం ఇంచుమించు ఆరింటికి, అప్పటికి మీరు దిబ్బ పైన ఉండాలి, చెక్-ఇన్ కౌంటర్ దగ్గర ఆధార్ కార్డు జిరాక్స్ వెతుక్కుంటూ కాదు.

ఒంటె ఎక్కేటప్పుడు ఒక్కటి గుర్తుపెట్టుకోండి. అది లేచేటప్పుడు ముందు వెనక కాళ్ళు లేపుతుంది, మీరు ముందుకు విసిరేసినట్టు అవుతారు, కాబట్టి గట్టిగా పట్టుకుని వెనక్కి వాలి కూర్చోవాలి. కూర్చునేటప్పుడు ముందు మోకాళ్ళు మడుస్తుంది, అప్పుడూ వెనక్కే వాలాలి. చీర కట్టుకున్నవాళ్ళకు, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు ఒంటె బండి నయం. ముక్కుకు పుండ్లున్న ఒంటె, బక్కచిక్కిన ఒంటె వస్తే వద్దని చెప్పి ఇంకోటి అడగండి. జీప్ సఫారీ అంటే దిబ్బల మీది నుంచి దబదబా దూకించడం. నడుం నొప్పి ఉన్నవాళ్ళు, గర్భిణులు దాని జోలికి పోవద్దు. ఎట్లాగైనా ఎక్కాల్సిందేనని కుర్రాళ్ళు పట్టుబడితే, గడ్డి పొదలున్న వైపు తోలొద్దని డ్రైవర్‌కు చెప్పండి. ఆ ప్రాంతమంతా 3,162 చదరపు కిలోమీటర్ల డెజర్ట్ నేషనల్ పార్క్ చుట్టుపక్కలదే, అంతరించిపోతున్న బట్టమేక పిట్టకు దేశంలో మిగిలిన పెద్ద దిక్కు అదే. మనకు కృష్ణ అవతల రోళ్ళపాడులో ఒకప్పుడు ఉండేవి, అక్కడ ఏమైందో చూశాంగా.

రాత్రి ఏడింటి నుంచి పాటలు, డాన్సు. డీజే మొదలవకముందే వెళ్ళి ముందు వరసలో కూర్చోండి, మొదటి గంటే అసలైనది. పాడేవాళ్ళు చాలావరకు మాంగణియార్లు, తరతరాలుగా పాటే వృత్తిగా ఉన్న ముస్లిం కుటుంబాలు, రాజపుత్రుల ఇళ్ళలో పెళ్ళికీ పుట్టుకకూ పాడేది వీళ్ళే, హిందూ దేవుళ్ళ పాటలూ పాడతారు. చేతిలో చెక్క పలకలు పట్టుకుని ఆడించేది ఖర్తాల్, కమానుతో వాయించేది కమాయిచా. కమాయిచా ఉన్న పెద్దమనిషి కనపడితే, మైకు లేకుండా ఒక పాట వినిపిస్తారా చాచా అని అడగండి, దానికి విడిగా ఓ రెండు వందలు ఇవ్వండి. ఆ ఒక్క పాటే ఆ సాయంత్రానికి సరిపోతుంది. నల్ల గాగ్రాలతో తిరిగేది కాల్బేలియా నృత్యం, 2010లో యునెస్కో జాబితాలో చేరింది. డాన్సు చేసేవాళ్ళు మిమ్మల్నీ లాగుతారు, డబ్బులూ అడుగుతారు, చిల్లర జేబులో ఉంచుకోండి, నోట్లు విసరడం మాత్రం చేయకండి.

భోజనంలో దాల్ బాటీ చూర్మా ఉంటుంది. చూర్మా అంటే నలిపిన బాటీలో నెయ్యి, చక్కెర, బతుకమ్మ మలీద తిన్నవాళ్ళకు వేరే వివరణ అక్కర్లేదు. సజ్జ రొట్టె వేడివేడిగా, వెల్లుల్లి చట్నీతో, ఇది అడిగి వేయించుకోండి, బఫేలో చల్లారిపోయినవి వద్దు. కేర్ సాంగ్రీ కూర తప్పకుండా రుచి చూడండి. సాంగ్రీ అంటే ఏంటనుకున్నారు, జమ్మి కాయలు. వాళ్ళు ఖేజ్డీ అంటారు, రాజస్థాన్‌కూ అదే రాష్ట్ర వృక్షం, తెలంగాణకూ అదే. మనం దసరాకు ఆకు తెంపి బంగారమని చేతిలో పెడతాం, వాళ్ళు కాయ ఎండబెట్టి ఏడాదంతా వండుకుంటారు. 1730లో జోధ్‌పూర్ దగ్గర ఖేజర్లీ ఊళ్ళో ఈ చెట్లను నరకనివ్వకుండా 363 మంది బిష్ణోయీలు ప్రాణాలిచ్చారు. కూర కొంచెం పుల్లగా, కొంచెం వగరుగా ఉంటుంది, మొదటి ముద్దకే తీర్పు చెప్పకండి.

ఇప్పుడు అసలు రాత్రి

భోజనం కాగానే అందరూ టెంట్లలోకి పోతారు. మీరు పోకండి. చలి బట్టలన్నీ వేసుకుని, గొంగడి, నీళ్ళు, టార్చి పట్టుకుని, కనీసం ఇద్దరు ముగ్గురు కలిసి దిబ్బల వైపు నడవండి. క్యాంపు వాళ్ళకు ఎటు వెళ్తున్నారో, ఎంతసేపట్లో వస్తారో చెప్పి వెళ్ళండి. ఫోన్‌లో క్యాంపు లొకేషన్ ముందే సేవ్ చేసి ఉంచుకోండి, సిగ్నల్ అన్నిచోట్లా అందదు. చీకట్లో దిబ్బలన్నీ ఒకేలా ఉంటాయి, రెండు దిగి మూడు ఎక్కేసరికి ఏ వైపు నుంచి వచ్చామో తెలియదు, కాబట్టి క్యాంపు లైటు కనపడే దిబ్బ దాటొద్దు. సరిహద్దు జిల్లా, రాత్రిపూట ఊరికే దూరం తిరగడం మంచిది కాదు, డ్రోన్లు ఎగరేసే ఆలోచన అసలే వద్దు.

దిబ్బ ఎక్కడానికి ఒక పద్ధతి ఉంది. గాలి వచ్చే వైపు వాలు తక్కువగా, ఇసుక గట్టిగా, అలలు తేలినట్టు గీతలతో ఉంటుంది, అటు నుంచి ఎక్కండి. రెండో వైపు నిటారుగా, మెత్తగా ఉంటుంది, ఒక అడుగు వేస్తే అడుగున్నర కిందికి జారతారు. దిగడానికి మాత్రం ఆ వైపే సరదా. చెప్పులు తీసి నడుద్దామని సరదా పడొద్దు, రాత్రి ఇసుక కాళ్ళు కొంకర్లు పోయేంత చల్లగా ఉంటుంది.

పైకి చేరాక టార్చి, ఫోన్ రెండూ ఆపేసి ఇరవై నిమిషాలు ఊరికే కూర్చోండి. మొదట్లో ఏమంత లేదనిపిస్తుంది. కళ్ళు అలవాటు పడేకొద్దీ తెలుస్తుంది. నవంబర్, డిసెంబర్‌లో తూర్పు నుంచి పిల్లలకోడి పైకి వచ్చి ఉంటుంది, దాని వెనక గొల్లకావడి. ఊళ్ళో డాబా మీద పడుకున్న రోజుల్లో తాతలు చూపించినవే, ఇప్పుడు మన ఊళ్ళ వీధిలైట్లకు కనపడకుండా పోయినవే. వెంట పిల్లలుంటే యాప్ తెరవకుండా వేలు పెట్టి చూపించండి. పాటలు పెట్టకండి. గంట చాలు, చలికి అంతకన్నా ఉండలేరు కూడా.

వెనక్కి వచ్చాక టెంటులో చలిగా ఉందని నిప్పుల కుంపటి లోపల పెట్టించుకోవద్దు. కొన్నిచోట్ల అడిగితే ఇచ్చేస్తారు. మూసిన టెంటులో బొగ్గు మండితే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. దీంట్లో మొహమాటం లేదు, ఇంకో రెండు రజాయిలు అడగండి. బూట్లు లోపలే పెట్టుకుని పొద్దున దులిపి వేసుకోండి, చలికాలంలో తేళ్ళు తక్కువే అయినా లేవని కాదు.

పొద్దున

అలారం ఆరున్నరకు పెట్టుకోండి. మన దగ్గర డిసెంబర్ చివర్లో ఆరూ నలభైకల్లా పొద్దు పొడుస్తుంది, అక్కడ ఏడున్నర అవుతుంది, అంత పడమరకు, ఉత్తరానికి వెళ్ళారు మరి. ఈ గంటలో దిబ్బలు దాదాపు ఖాళీగా ఉంటాయి, నిన్నటి జీపుల గుర్తులను గాలి చాలావరకు చెరిపేసి ఉంటుంది. సూర్యుడికన్నా ముందు ఇసుక చూడండి. రాత్రి తిరిగిన పురుగులు, తొండలు, ఎడారి ఎలుకల అడుగులు గొలుసుల్లా కనిపిస్తాయి, ఎండ వాలుగా పడే మొదటి అరగంటలోనే స్పష్టంగా ఉంటాయి. ఫోటోలకు కూడా సాయంత్రం కన్నా ఇదే మంచి సమయం, వెనకాల మనుషులు ఉండరు.

మీరు తెచ్చిన ప్లాస్టిక్ అంతా తిరిగి సంచిలోనే వేసుకోండి. చిప్స్ కవరు ఇసుకలో పూడ్చితే రెండు రోజులకు గాలే బయటికి తీస్తుంది. తొమ్మిదింటికి టిఫిన్, పదింటికల్లా చాలా క్యాంపులు ఖాళీ చేయమంటాయి. బిల్లు ఇచ్చేటప్పుడు వాట్సాప్‌లో రాయించుకున్న మెసేజ్ తెరిచి పెట్టుకోండి, వంటవాళ్ళకు, ఒంటె తోలిన మనిషికి ఇచ్చేది ఆఫీసులో కాకుండా వాళ్ళ చేతికే ఇవ్వండి. రెండో రాత్రి కూడా ఉందామా అని అడుగుతారు, ఒక్కటి చాలు, ఆ డబ్బుతో కారు మాట్లాడుకుని సరిహద్దు దగ్గరి తనోట్ మాత గుడి, 1971 యుద్ధం జరిగిన లోంగేవాలా చూసి రండి. రోజంతా పడుతుంది, కాబట్టి జోధ్‌పూర్‌కు టికెట్ ఆ రాత్రికే చేసుకోండి, సాయంత్రం రైలుకు పెట్టుకుంటే టెన్షన్ పడాల్సి వస్తుంది.